ఫోర్‌మన్ ప్యాంటు తడిసిన సంగతి

అక్కా, మేం ముగ్గురం క్షేమం. నీ మీద మాత్రం ఒళ్లు మండిపోతోంది.

పాపాయి గుడ్డలు ఆఖరున జాడించేటప్పుడు బట్టలు మెత్తబడే మందు వెయ్యమని రాశావు. రెండు మూతలు పోశాను. పట్టులా మెత్తబడ్డాయి, తడి పీల్చడం మానేశాయి. నీ మరదలు పొద్దున డ్యూటీకి వెళ్తే పిల్లని నేనే చూసుకోవాలి, రెండో షిఫ్టు ఇమ్మని అడిగాను కదా. "మగాడివి, నువ్వు గుడ్డలు ఉతుకుతావా? కథలు చెప్పకు" అని ఫోర్‌మన్ నిన్న స్వయంగా ఇంటికొచ్చి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. గుడ్డ చుక్క కూడా పీల్చలేదు. మొత్తం ఆయన ఇస్త్రీ ప్యాంటు మీదికే. నా షిఫ్టు గోవిందా అనుకున్నాను.

ఆయన గుడ్డ వాసన చూశాడు. "మెత్తబడే మందు పోశావా, వెధవా? జిడ్డులా పట్టేస్తుంది. వేడినీళ్లలో నాలుగుసార్లు జాడించు. మా ముగ్గురు పిల్లలవీ నేనే ఉతికాను. ఎవరికీ చెప్పకు" అన్నాడు. షిఫ్టు ఇచ్చాడు. ఇది కార్డు గనక ఈపాటికి పోస్ట్‌మ్యాన్‌కి తెలిసిపోయే ఉంటుంది, నేనేం చెయ్యను?

అమ్మ పాత నూలు చీరలు రెండు పంపు. మీ చిన్నదాని దగ్గు తగ్గిందా? పిల్లలకి ముద్దులు. ఇకమీద సలహా రాసే ముందు బావ చేత ఉతికించి చూసి రాయి.

నీ తమ్ముడు