పదిహేడుసార్లు పడిన మాట నిజమే

సోమవారం సాయంత్రం
సరస్సు ఒడ్డు

శిక్షణ కేంద్రం మేనేజరుగారికి మూడో గదిలో దిగిన అమ్మమ్మ నమస్కారాలు.

నేను క్షేమం. మీ బోర్డు కూడా క్షేమం. ఈ అడవిలో ఫోను పలకదు కాబట్టి, సరుకులు తెచ్చే జీపు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. "మీ అనుభవం మాకు రాయండి" అని గది తలుపుకు మీరే అంటించారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఉజ్జాయింపుగా రాయడం నాకు చేతకాదు.

నీళ్ళ మీద బోర్డు వేసి, దాని మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ పోవడం నేర్చుకుందామని వచ్చాను. "అరవై ఎనిమిదేళ్ళకు నీకెందుకే అమ్మమ్మా ఇవన్నీ?" అంది మా మనవరాలు. అందుకే వచ్చాను.

ఈ రోజు పదిహేడుసార్లు నీళ్ళలో పడ్డాను. ఎడమవైపు పదకొండు, కుడివైపు అయిదు, వెనక్కి ఒకటి. ఎక్కువలో ఎక్కువ నిలబడింది నాలుగు సెకన్లు. మీ శిక్షకుడు మితభాషి. పడినప్పుడల్లా ఒకటే మాట: "కాళ్ళకేసి చూడకండి అమ్మమ్మగారూ, అవతలి గట్టుకేసి చూడండి." ఒక్కసారీ నవ్వలేదు. నేనైతే నవ్వేదాన్ని.

ఇట్లు, ఇంకా ఆరని వేళ్ళతో,
మూడో గది అమ్మమ్మ

తా.క.: గట్టు మీద అయిదుగురు అతిథులు నన్ను చూస్తూ పొద్దుపుచ్చుతున్నారు. ఇంకో బెంచీ వేయించండి. పాపం ఒకాయన నిలబడే చూస్తున్నాడు.

*

మంగళవారం
పట్నం ఆఫీసు

గౌరవనీయులైన మూడో గది అమ్మమ్మగారికి,

మీ ఫిర్యాదు చేరింది. ఒక్క రోజులో పదిహేడు ప్రమాదాలు అనగానే ఆఫీసంతా కుర్చీల్లోంచి లేచింది. ఆరేళ్ళుగా మా సరస్సులో ప్రమాదాల సంఖ్య సున్నా. వారంలో మూడు దాటితే శిక్షకుణ్ణి తొలగించాలని నిబంధన. అతని మీద చర్య మొదలుపెట్టామని సంతోషంగా తెలియజేస్తున్నాను. జతపరచిన ఫారంలో గాయపడిన అవయవం పేరు రాసి పంపండి.

మీ సేవలో,
మేనేజరు

తా.క.: అవయవాలు కూడా పదిహేడైతే వేరే కాగితం వాడవచ్చు.

*

బుధవారం సాయంత్రం
సరస్సు ఒడ్డు

మేనేజరుగారికి,

ఫిర్యాదు అన్నదెవరండీ? మీరు పుట్టగానే లేచి నడిచారా? నీళ్ళలో పడడం ప్రమాదం కాదు, పాఠం. రుజువు కావాలంటే ఇదిగో: మంగళవారం పద్నాలుగుసార్లు పడ్డాను, బుధవారం పదిసార్లే. నాలుగు సెకన్ల నిలబాటు యాభై రెండుకు పెరిగింది. ఇది చూసైనా ఆ శిక్షకుణ్ణి మెచ్చుకోండి.

మీ ఫారం నింపి పంపుతున్నాను. గాయపడిన అవయవం దగ్గర "అహం" అని రాశాను.

ఇట్లు, కోపంతోనే అయినా మర్యాదగా,
మూడో గది అమ్మమ్మ

తా.క.: అది కూడా ఈ పూటకు మానింది.

*

గురువారం
పట్నం ఆఫీసు

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

మరికొన్ని ప్రమాదాలను నిజాయితీగా ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. మొత్తం ముప్ఫై తొమ్మిది. మీ కోరిక మేరకు నిర్ణయం త్వరగా తీసుకున్నాం. శిక్షకుడు ఆదివారం మధ్యాహ్నంలోగా ఉద్యోగం వదిలి, ఉద్యోగంతోపాటు ఇచ్చిన ఇల్లు కూడా ఖాళీ చేయాలి.

"అహం" మా అవయవాల పట్టికలో లేదు. దగ్గరగా ఉంటుందని "మెడ" కింద నమోదు చేశాం.

మీ క్షేమమే కోరుతూ,
మేనేజరు

తా.క.: మెడకు పట్టీ పంపుతున్నాను. వారం రోజులు తీయకండి.

*

గురువారం సాయంత్రం
సరస్సు ఒడ్డు

మేనేజరుగారికి,

పదిహేడు, పద్నాలుగు, పది. కలిపితే నలభై ఒకటి, ముప్ఫై తొమ్మిది కాదు. ఇది దిద్దితే అతని మీద మరో రెండు పడతాయని తెలిసీ దిద్దుతున్నాను. తప్పు కూడికను చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

శిక్షకుడి ఇంటికి వెళ్ళాను. తలుపు చెక్క మీద కూతురి ఎత్తు పెన్సిలుతో గీసి ఉంది. ఏడాదికొకటి, ఆరు గీతలు. భార్య అప్పుడే గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"నేను నోరు మూసుకుని ఉంటే ఈ గొడవే లేకపోయేది కదమ్మా" అన్నాను.

"ఏం గొడవలెండి! ఇన్నాళ్ళకు ఒకళ్ళు నీళ్ళలో పడ్డారని ఆ రోజు ఆయన సంబరం చూడాలి" అంది.

అప్పుడు తెలిసింది మీ సున్నా సంగతి. ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళంతా బోర్డును ఒడ్డున నిలబెట్టి, పక్కన తాము నిలబడి, ఫోటో దిగి పోయారట! ఒడ్డున కూర్చున్నవాడు మునిగేదెప్పుడు? నేర్చుకున్నవాళ్ళూ సున్నాయే. ఆ సున్నా మాత్రం మీ పట్టికలో లేదు.

మీ నిబంధనల పుస్తకం వెంటనే పంపండి.

ఇట్లు, మూడో గది అమ్మమ్మ

తా.క.: మెడపట్టీ అందింది. తెడ్డు పిడికి చుట్టాను. చేయి జారడం లేదు, చాలా బాగుంది.

*

శుక్రవారం
పట్నం ఆఫీసు

గౌరవనీయులైన అమ్మమ్మగారికి,

పుస్తకం పంపుతున్నాను. అడిగినవారిలో మీరే మొదటివారు. పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, చాకు వాడండి.

మీ బాధ నాకూ అర్థమైంది. ఒక దారి ఉంది. ఇందులో ఉన్న కాగితం మీద "నేను ఒక్కసారి కూడా నీళ్ళలో పడలేదు" అని సంతకం చేయండి. నలభై ఒకటీ సున్నా అవుతాయి. శిక్షకుడూ ఉంటాడు, ఇల్లూ ఉంటుంది.

పాము చావకుండా, కర్ర విరగకుండా,
మేనేజరు

తా.క.: మొహమాటపడకండి. అందరూ చేసేదే.

*

శనివారం సాయంత్రం
సరస్సు ఒడ్డు

మేనేజరుగారికి,

సంతకం చేయలేదు. చేయబోలేదని మాత్రం అనను. రెండుసార్లు పెన్ను మూత తీశాను. ఆ పిల్ల గీతలు కళ్ళ ముందు మెదిలితే నా ముప్ఫై నాలుగేళ్ళ లెక్కలూ తేలికైపోయాయి. చేయి పట్టుకుని ఆపింది శిక్షకుడే. "మీరు పడలేదని రాస్తే, నేను నేర్పలేదని రాసినట్టే అమ్మమ్మగారూ" అన్నాడు. వారం మొత్తంలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

ఈ ఉదయం గాలి లేదు. బోర్డు మీద లేచి నిలబడ్డాను. అవతలి గట్టుకేసే చూశాను. పదకొండు నిమిషాల తర్వాత ఆ గట్టు నా కాళ్ళ కింద ఉంది. చుట్టూ ఒక్క మనిషి లేడు. కాసేపు అక్కడే కూర్చుని, ఎవరూ చూడడం లేదు కదా అని కాస్త ఏడ్చి, సంచిలోంచి మీ పుస్తకమూ చాకూ తీశాను.

ముప్ఫై ఒకటో నిబంధన చిత్తగించండి. నీళ్ళ మీద ఎలా నిలబడాలో, ఎలా నిలబడకూడదో అతిథులకు చూపే మనిషిని "ప్రదర్శకులు" అంటారు. వారిని శిక్షకుడే నియమించవచ్చు, చూపడం మొదలైన రోజు నుంచే అమలు. వారు పడితే అది ప్రదర్శన, ప్రమాదం కాదు.

ఎలా నిలబడకూడదో నేను సోమవారం నుంచి, గురు శుక్రవారాల్లో పడిన ఆరుతో కలిపి, నలభై ఏడుసార్లు చూపాను. గట్టు మీది అయిదుగురూ సాక్షులు. నేను చేసినవేవీ చేయకుండా వాళ్ళలో ముగ్గురు నిన్న బోర్డెక్కారు. ఇందులో అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపండి. నియామక పత్రం జతచేశాను.

ఇట్లు, ప్రదర్శకురాలు

తా.క.: ముందు జాగ్రత్తకు ఆ ముగ్గురినీ ప్రదర్శకులుగానే వేశాం.

*

ఆదివారం ఉదయం
పట్నం ఆఫీసు

పరమ గౌరవనీయులైన పర్యవేక్షకురాలు గారి సముఖానికి,

మీరు చెప్పింది అక్షరాలా సరిపోయింది. ప్రమాదాలన్నీ ప్రదర్శనలయ్యాయి. తొలగింపు రద్దు చేశాను. ఆ ఇల్లాలిని గిన్నెలు సంచిలోంచి తీసుకోమనండి.

చిక్కు వేరే వచ్చింది. తమరు ముప్ఫై ఒకటి దగ్గర చాకు ఆపారు. తర్వాతి పేజీలో ముప్ఫై రెండు ఉంది. ఏడాదిలో అందరికంటే ఎక్కువ ప్రదర్శనలు ఇచ్చినవారే ఆ ఏటికి కేంద్రానికి పర్యవేక్షకులు. మేనేజరు పది రోజుల్లోగా వారి ఎదుట నీళ్ళ మీద నిలబడి చూపాలి. చూపలేకపోతే ఉద్యోగమూ ఇల్లూ ఖాళీ చేయాలి. ఈ పుస్తకం ఎవడు రాశాడని ఆఫీసంతా తిట్టుకుంటోంది. రాసింది నేనే. రాశాక చదవలేదు.

నాకూ ఇద్దరు పిల్లలమ్మా. ఆ శిక్షకుణ్ణి నా మీద కోపం పెట్టుకోవద్దని తమరే నచ్చజెప్పాలి. రేపటి జీపులో వస్తున్నాను.

తమ ఆజ్ఞకు కట్టుబడి,
మేనేజరు

తా.క.: ఆరేళ్ళుగా ఆ సరస్సుకు మేనేజరునే గాని, గోడ మీది పటంలో తప్ప దాన్ని చూడలేదు. పటంలో అరచేతంతే ఉంది. అసలుది కూడా అంతేనా అండీ?