రెప్ప వేయని చూపు

మార్చి 4, సోమవారం

ఈ అలినాఫెతో నా వల్ల కావడం లేదు. కెమిస్ట్రీలో క్లాసుకే ఫస్టు. ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి రమ్మంటే గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ పలకరిస్తుంది. ఇది మీ పెదనాన్న ఇల్లు కాదే తల్లీ, యూనివర్సిటీ కెరీర్ ఆఫీసు, లే అన్నాను. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తే మా అమ్మ చెంప పగలగొడుతుంది మేడం అంది. చూడకపోతే ఉద్యోగం ఎవడిస్తాడే అన్నాను.

త్యోలో జిల్లా టీ ఎస్టేటు ల్యాబులో ఒక్కటే పోస్టు. అది వస్తే చెల్లెళ్ళిద్దరూ మళ్ళీ బడికెళ్తారట.

మార్చి 7

ఇవాళ రెప్ప వేయకుండా చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి పాపం. శభాష్ అన్నాను. ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను, నాకు తెలీదా.

మార్చి 12

ఇంటర్వ్యూ అయింది. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను మేడం అంది.

మార్చి 14, ఉదయం పది

అలినాఫెని ఎదురుగా కూర్చోబెట్టుకునే ఎస్టేటుకి ఫోన్ చేశాను. శుభవార్త తన చెవినే పడాలని స్పీకర్ కూడా పెట్టాను. నా గొప్ప, ఇంకేముంది.

మేనేజరు బ్వానలి గారు ఎత్తారు. చదువుకి వంక పెట్టడానికి లేదట. కానీ తలనెరిసినవాణ్ణి, నన్ను గుడ్లప్పగించి చూసిందమ్మా, ఏం పెంపకం అన్నారు. పిల్ల తీరే అంతా, లేక మీరెవరైనా నేర్పారా? నేర్పితే చెప్పండి, రేపటిదాకా పేరు కొట్టెయ్యను అన్నారు.

నేనే నేర్పానండీ అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. వచ్చే నెల పన్నెండుమంది పిల్లల్ని ఆయన దగ్గరికే ట్రైనింగుకి పంపాలి. తప్పు నాదేనంటే ఇక నా మాటకి విలువేముంటుంది?

ఈ కాలం పిల్లలంతే సార్ అని నవ్వాను. ఛీ.

అలినాఫె రెప్ప వేయకుండా నా కళ్ళలోకే చూసింది. ముందుగా నేనే తల తిప్పుకున్నాను.

మార్చి 15, శుక్రవారం

మూడుసార్లు ఫోన్ తీశాను. చేయలేదు.

మార్చి 18

ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. ఏం పనమ్మా అని మా గుమాస్తా ఎలీజా అడిగితే, ఏం లేదు, ఊరికే కూర్చున్నా అందట. కిటికీలోంచి నన్నే చూస్తోంది. కర్టెన్ లాగేశాను.

మార్చి 20

మళ్ళీ వచ్చింది. సాయంత్రం జోంబా మార్కెట్లో ఎండుచేపలు కొంటుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

మార్చి 22

ఫైనలియర్ వాళ్ళకి ఇంటర్వ్యూ క్లాసు. ముప్పైమంది. ఎదుటివాళ్ళని ఎలా చూడాలి మేడం అని ఒకమ్మాయి అడిగింది. బూట్లు శుభ్రంగా తుడుచుకోండి అని పంపించేశాను.

మార్చి 25

అలినాఫె ఊరెళ్ళిపోయిందట. బెంచీ ఖాళీ. నేను మాత్రం వెనక తలుపు నుంచే లోపలికి వచ్చాను.