అల్లుడి పేరుతో వచ్చినవాళ్లు

చి. సౌ. అమ్మాయికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ ఆయనా ముగ్గురం ఒంట్లో బాగానే ఉండి తిరుగుతున్నాం. నువ్వూ అక్కడ వేళకి తింటున్నావనుకుంటాను. నాకు ఫోనులో మాట రాదని నీకు తెలుసు. మెయిలు రాయొచ్చు గాని, మా సర్వరులో ఎవరి మెయిలు ఎవరు చూడగలరో తెలిసినవాణ్ణి. అందుకే కాగితం. కొరియరులో వేస్తున్నాను, రేపటికి అందుతుంది.

నీ ఉత్తరంలో అడిగినవి ముందు చెప్తాను. మీ అమ్మ మోకాలు పర్వాలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతోంది, ఆ మెట్లు నేనే కట్టించినట్టు. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు. కంప్యూటర్లకి టేపులు ఎక్కించే పనికి చేరినవాణ్ణి, ఇప్పుడు పరిశోధన సంస్థ మొత్తంలో ఎవరిని ఏ కంప్యూటరులోకి రానివ్వాలో, ఎవరిని ఆపాలో చూస్తున్నాను. వచ్చేపోయేవాళ్లని చూస్తాను గాని, లోపల ఎవరేం దాచుకున్నారో చూడను. మా పనిలో అది కట్టుబాటు. ఇక మీ ఆయన నీతో ముభావంగా ఉంటున్నాడేమని అడిగావు. దాని గురించే ఈ ఉత్తరం.

కొన్నాళ్లుగా మా పెద్ద సర్వరు నుంచి ఎవరో డేటా బయటికి తీసుకుపోతున్నారు. రోగుల రక్తం మీద మీ ఆయన, తోటివాళ్లు ఏళ్ల తరబడి చేసిన పరీక్షల ఫలితాలవి. ఇంకా ఎక్కడా అచ్చువేయలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేవగానే మొదలవుతుంది, తిరిగొచ్చేసరికి ఆగిపోతుంది. ముందు కొత్తగా చేరిన శాస్త్రవేత్తని అనుమానించాను. నేను గదిలోకి వెళ్తే కంప్యూటరు మీద ఉన్నది గబుక్కున మూసేస్తాడు. ఒకరోజు వెనకనుంచి వెళ్లి చూస్తే పేకాట. తర్వాత ఏసీ మెకానిక్ మీద పడ్డాను. సర్వరు గదికి వచ్చి ఏదీ విప్పకుండా అంతసేపు ఉంటాడేమిటని. పాపం, చల్లగాలికి కూర్చుంటున్నాడు.

చివరికి తేలిన పేరు మీ ఆయనది. అతని పేరుతో, అతని పాస్‌వర్డుతో వస్తున్నారు. కానీ అది జరుగుతున్నప్పుడు అతను క్యాంటీనులో నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. నా గదికి వచ్చి చూస్తే, సరిగ్గా ఆ టీ వేళకే అతని పేరుతో సర్వరులో ఏవో వెతికి తీసుకున్నట్టు ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తూ అడిగాను.

"బాబూ, నీ పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చావా?"

"లేదు మామయ్యా."

"ఎక్కడైనా రాసిపెట్టావా?"

"రాయొద్దని మీరే కదా అందరి ప్రాణం తీస్తారు." నవ్వాడు గాని ఆ నవ్వు నిలవలేదు. "ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాం. అతను అన్నం కెలికి లేచాడు. మీ అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "అతన్నేమన్నారు? మీకు మాటే రాదు, వచ్చిందంటే ఇలాంటిదే వస్తుంది" అంది.

మర్నాడు అతని పాస్‌వర్డు పనిచేయకుండా ఆపేశాను. డైరెక్టరుగారికి చెప్పక తప్పలేదు.

"మీ అల్లుడే కదండీ?" అన్నారాయన.

"అవునండీ."

"సోమవారం కమిటీ ముందు కూర్చోబెడదాం. పాస్‌వర్డు అమ్ముకున్నాడని తేలితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు."

తలూపి వచ్చేశాను.

ఇప్పుడు ఆయనకి చెప్పనిది నీకు చెప్తున్నాను. బయటనుంచి లోపలికి వచ్చే కంప్యూటరుకి ఇంటి నంబరులాంటిది ఒకటుంటుంది. అది మా దగ్గర పడుతుంది. ఎవరిదో వెతికి తెలుసుకోవచ్చు. వెతికాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికాను. ఆ నంబరు నువ్వు కొత్తగా చేరిన మందుల కంపెనీది.

ఆ కంపెనీలో చాలామంది ఉంటారు, నిజమే. వాళ్లలో మన అల్లుడి పాస్‌వర్డు తెలిసే వీలు ఎవరికుందో ఆలోచించకూడదనుకున్నాను. కుదరలేదు. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు అతని లాప్‌టాప్ మీద నీ పని చేసుకున్నావు. నువ్వు అడిగితే చెప్పాడో, అతను పాస్‌వర్డు కొడుతుండగా చూసి పట్టుకున్నావో నాకు తెలియదు. అతనికి మాత్రం నేనడిగిన సాయంత్రమే అర్థమైపోయింది. నీతో ముభావం అప్పటినుంచే. ఎందుకని నన్నడిగావు చూడు, అడిగింది బెంగపడో, భయపడో కూడా తేల్చుకోలేకపోతున్నాను. కన్నకూతురి ఉత్తరం ఇలా చదవాల్సి వచ్చింది.

నిన్న అతనితో, "నీ తరఫున ఏమైనా చెప్పమంటావా?" అన్నాను. "వద్దు మామయ్యా. పేరు నాది, నేనే పడతాను" అన్నాడు.

నేనూ తక్కువ తినలేదు. డైరెక్టరుగారు ఆ నంబరు ఎవరిదని అడిగితే, ఇంకా తేలలేదన్నాను. తేలి అప్పటికి రెండ్రోజులైంది. ఇంట్లో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని తింటున్నాం. నీ కబుర్లన్నీ మీ అమ్మే చెప్తుంది. మేం ఇంకాస్త పులుసు వేయించుకుంటాం.

ఇలా నాకు చేతకాదు తల్లీ. సోమవారం ఆ నంబరు ఎవరిదో కమిటీలో చెప్పేస్తాను. అల్లుడు అడ్డుపడినా చెప్తాను. అతనూ ఒకళ్లు కన్న కొడుకే.

నేను పొరబడి ఉంటే బండెక్కి వచ్చి నన్ను తిట్టు, హాయిగా పడతాను. పొరబడకపోతే, ఈలోగా నువ్వే డైరెక్టరుగారికి చెప్పుకో. నీ పేరు నా నోటితో చెప్పించకు.

ఇట్లు,
నిన్ను అనుమానించి నిద్రపట్టని
మీ నాన్న