డేరా నా వీపున ఉంది

అక్కా,

ఫోనులో చెబుదామంటే మీ మరిది పక్కనే ఉంటున్నారు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను. ముందే చెబుతున్నాను, ఆయన బాగున్నారు. పక్క గదిలో గురక పెడుతుంటే, ఆ గురక వింటూ రాస్తున్నాను.

కూలీలు లేకుండా మా బరువు మేమే మోసుకుంటూ ఆ మంచుకొండ ఎక్కామని నీకు తెలుసు. పొయ్యి, తిండి ఆయన సంచిలో, డేరా నా సంచిలో. శిఖరం ఎదురుగా కనబడుతున్న పొద్దున, ఆయన బూటు చేత్తో పట్టుకుని, "పెద్దది బడికి వెళ్లిందా?" అని అడిగారు. దానికి పిల్లలు కూడా పుట్టారు కదక్కా! అంత ఎత్తులో మతి తప్పితే వెంటనే కిందికి దించాలని, లేకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు ముందే చెప్పింది.

"దిగుదామండీ" అన్నాను.

"ఇంత దూరమొచ్చి ఎవరైనా దిగుతారా? భయమైతే నువ్వు పో!" అని కసిరారు.

నోట్లో నాలుక లేనిదాన్ని, వాదించలేను. దేవుడికి దణ్ణం పెట్టుకుని, డేరా మడిచి వీపున వేసుకుని నడిచాను. డేరా లేకుండా ఆయన మాత్రం పైన ఎక్కడుంటారు? వెనక్కి చూసుకుంటూనే దిగాను. తిట్టుకుంటూ వచ్చారు. దిగేకొద్దీ ఆ తిట్లు తడబడకుండా రావడం మొదలైంది. మధ్యాహ్నానికి, "మనవడికి జ్వరం తగ్గిందో లేదో" అన్నారు. మేం బయల్దేరిన రోజు వాడికి నిజంగానే జ్వరం అక్కా. రాయి మీద కూలబడి ఏడ్చేశాను.

నాకు ఆయాసం వచ్చి దిగామని అందరికీ చెబుతున్నారు. మరిచిపోయారో, సిగ్గుపడుతున్నారో నేనడగలేదు. ఒక్కరికైనా తెలిసి ఉండాలని నీకు రాశాను. ఈ కాగితాలు దాచుకో అక్కా, బావగారికి కూడా చూపించకు.

నీ చెల్లెలు