మిలిటరీ కబుర్లు బంద్

మార్చి 7, శుక్రవారం

తేయూన్, ముందే చెబుతున్నా, నా దస్తూరీ బాగుండదు. తప్పులుంటాయి. ఆరో తరగతితో నా బడి అయిపోయింది, ఆ ఆరింట్లోనూ రెండేళ్ళు ఎద్దుల వెనకే గడిచాయి. కోపం తెచ్చుకోకుండా కూడబలుక్కుని చదువుకో.

ఈ నోటుబుక్కు నువ్విచ్చిందే. పొద్దున అన్నం దగ్గర నేను లేడి కథ మొదలుపెట్టాను. ఉత్తర సరిహద్దు, మోకాటి లోతు మంచు, పొదలో చప్పుడు, "ఆగు! సంకేతపదం చెప్పు!" అని నేను మూడుసార్లు అరవడం, ఆఖరికి లేడి బయటికి రావడం. నువ్వు చెంచా కింద పెట్టేశావు.

"తాతా, ఇది నలభై ఒకటోసారి. పదిరోజుల్లో నేనే పోతున్నాగా. అప్పటిదాకా మిలిటరీ మాట ఎత్తకు, నీకు పుణ్యముంటుంది. నోటిదాకా వస్తే ఇందులో రాసుకో. నేను వెళ్ళాక పంపు, అక్కడ చదువుకుంటా."

మీ నానమ్మ పక్కనుంచి, "పదిరోజులా! పది నిమిషాలు ఆగమను చూద్దాం" అంది.

పదిహేడో తారీకు మధ్యాహ్నం రెండింటికి, తప్పనిసరి మిలిటరీ సేవకి, నువ్వు నోన్‌సాన్ శిక్షణ కేంద్రం గేటు లోపలికి వెళ్ళాలి. అంతవరకు మిలిటరీ మాట ఎత్తను. ఒట్టు.

మార్చి 8, శనివారం

5:40. లేచా. మిలిటరీ మాట రాలేదు. (ఇంకా ఎవరూ లేవలేదు.)

7:10. సోయా మొలకల చారు. "అక్కడ చలెక్కువా తాతా?" అని నువ్వే అడిగావు. పరీక్ష పెడుతున్నావని కనిపెట్టా. "ఉంటుంది" అన్నా. ఒక్క మాట! నానమ్మ నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

12:30. టీవీలో కవాతు. లేచి కోళ్ళ దగ్గరికి పోయా.

6:00. రోజు గడిచింది. ఇంత తేలికని తెలిస్తే నలభై ఏళ్ళ కిందటే మానేసేవాణ్ణి!

మార్చి 9, ఆదివారం

ఊరి హాలు. వెచ్చని నేల మీద ఏడుగురం ముసలోళ్ళం. ఏడుగురి మాటలూ వింటే, సరిహద్దు అవతలి ఉత్తరం వాళ్ళు ఇన్నేళ్ళుగా మన మీదికి దిగిరాకపోవడానికి మేమే కారణం అనిపిస్తుంది.

మన ఊరి పెద్ద డోక్‌పాల్ మెరైన్లలో, అంటే సముద్రపు దళంలో, చేసి వచ్చి నలభై నాలుగేళ్ళయింది. ఆ దళం ఎర్రటోపీ ఇంకా తీయలేదు. స్నానానికైనా తీస్తాడో లేదో వాళ్ళావిడ చెప్పాలి. ఇవాళ కూడా కథలో అలల్లోకి దూకాడు.

హాల్లో కథ చెప్పనివాడు నూడుల్స్ ఉడకబెట్టాలి. ఎవరో పెట్టిన రూలు కాదు, అదంతే. ఏడుగురికీ ఉడకబెట్టా.

"మాన్‌సిక్ అన్నా, నీ లేడి ఇవాళ రాలేదేంటి? చచ్చిందా?" అన్నాడు డోక్‌పాల్. అందరూ నవ్వారు.

"చావలేదు" అన్నా.

తర్వాత ఇరవై నిమిషాలు నేనే మాట్లాడా. మధ్యలో లేడి అడవిపంది అయింది. ఎలా అయిందో నాకే తెలియదు.

నువ్వు అక్కడ లేవు. నువ్వు వినని కథ లెక్కలోకి రాదు. ఒట్టు నిలిచినట్టే.

మార్చి 11, మంగళవారం

3:00. డోక్‌పాల్ మన వాకిట్లో.

"పొలిమేరలో బ్యానర్ కడుతున్నా అన్నా. 'సరిహద్దు సింహం మాన్‌సిక్ మనవడు సైన్యంలోకి!' బాగుందా?"

"సింహం వద్దు" అన్నా, సిగ్గేసి.

"అయితే పులి?"

అక్కడ ఆగాల్సింది. "పులి అంటే... ఒకసారి..." అన్నా. అడవిపంది వెళ్ళిపోయింది, పులి వచ్చింది.

గోడ పక్కన ఎరువు బస్తాలు దించుతూ నువ్వు అంతా విన్నావు. 'నలభై రెండు' అంటావనుకున్నా. ఏమీ అనకుండా లోపలికి పోయావు. అదే గుచ్చుకుంది.

నా తప్పేం లేదు:
బియ్యం కల్లు రెండు గిన్నెలు పడింది.
మొదలుపెట్టింది డోక్‌పాల్.
ఒట్టు లేడి మీద. పులి కొత్తది.

మార్చి 12, బుధవారం

10:00. ప్లాస్టిక్ పాకలో మిరప నారు. రెండు వరసలు నాటాం.

"తాతా, నీకసలు భయం వెయ్యలేదా?"

నేను మట్టి చూస్తున్నా.

"నాకు ముద్ద దిగట్లేదు తాతా. గ్యాస్ గదిలో పెట్టి ముసుగు తీయమంటారట. గ్రెనేడ్ విసరాలట. చెయ్యి వణికితే? నాన్న రెండేళ్ళు సరిహద్దులో చేశాడు. నువ్వు పులి ముందు నిలబడ్డావు. ఈ ఇంట్లో పిరికోణ్ణి నేనొక్కణ్ణే పుట్టా."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "మొక్కకి నీళ్ళెక్కువ పొయ్యకు" అన్నా.

చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మిలిటరీ మాట ఎత్తనని ఒట్టు కదా! ఊరంతా తెగిన ఒట్టు, ఆ పాకలో మాత్రం ఇనప గుంజలా నిలబడింది.

4:00. ఈ పేజీ చించేస్తా.

నేను సరిహద్దు చూడలేదు, టీవీలో తప్ప. నేను బాంగ్వీని. ఆ మాట మీ కాలం పిల్లలకి తెలుసో లేదో. బాంగ్వీ అంటే పొద్దున ఇంట్లోంచి అన్నం డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయి, సాయంత్రం ఖాళీ డబ్బా గలగలలాడించుకుంటూ ఇంటికొచ్చే సైనికుడు. నాన్న లేడు, అమ్మకి నేనొక్కణ్ణే కొడుకుని, అందుకని ఆరునెలలు ఇంటి దగ్గరే వేశారు. మండలం ఆయుధాల కొట్టు ముందు నిలబడటం. అంతే. బాంగ్వీని చూసి ఆ రోజుల్లో కుక్కలు కూడా మొరిగేవి కావు.

లేడి నాది కాదు. రోడ్డు పనిలో నాతో ఇసుక మోసిన గిబోంగ్‌ది. వాడు పోయాడు. లేడి అనాథ అయింది, నేను పెంచుకున్నా.

పెళ్ళయ్యాక మీ నానమ్మ ఊరికి వచ్చా. ఇక్కడ నా సంగతి ఎవరికీ తెలియదు. హాల్లో అందరికీ ఓ కథ ఉంది. నాకు మాట్లాడటం రాదు. కథ లేకపోతే బతికినంతకాలం నూడుల్సే. ఒకరోజు లేడిని వదిలా.

నిజంగా సరిహద్దులో చేసినవాడు మీ నాన్న. చేపల ఓడ మీంచి ఎప్పుడొచ్చినా ఒక్క కథా చెప్పడు. అది చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

పాత ఒట్టు రద్దు. కొత్తది: నువ్వు ఆ గేటు దాటేలోగా నిజం చెబుతా.

మార్చి 14, శుక్రవారం

8:20. కోళ్ళ దగ్గర. "తేయూన్." "ఏంటి తాతా?" "గుడ్లెన్ని?" "నాలుగు."

1:15. బస్టాపులో. "తేయూన్." "ఏంటి?" "ఏం లేదు."

5:00. పెరట్లో. "తేయూన్." "తాతా, గుడ్లు నాలుగే."

మార్చి 15, శనివారం

మంగలి షాపు. మెషిన్ నీ తల మీద నడుస్తోంది. ఇప్పుడు చెబుదామనుకున్నా. ఇద్దరమూ అద్దంలో చూసుకుంటున్నాం, మొహం మొహం చూసుకోనక్కర్లేదు, నాలాంటివాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

తలుపు తోసుకుని డోక్‌పాల్ వచ్చాడు. "ఆహా! అచ్చం సరిహద్దు పులి తలే!"

నువ్వు అద్దంలోంచి నన్ను చూశావు. నేను క్యాలెండర్ చూశా.

బ్యానర్ కట్టేశారు. నా పేరు, నీ పేరు, మధ్యలో నోరు తెరిచిన పులి. పొలం గట్ల మీదుగా ఇంటికొచ్చా.

మార్చి 16, ఆదివారం

నానమ్మ సామాను గదిలోంచి సొట్టల డబ్బా తీసింది. నా డబ్బా. బూడిద పెట్టి తోముతోంది.

"అది ఎందుకు బయటికి తీశావు?"

"రేపు వాడికి అన్నం ఇందులోనే పెడతా."

"ఇంట్లో వేరే డబ్బాలే లేవా?"

"ఉన్నాయి" అంది. "నువ్వు చెబుతావా, డబ్బా చెప్పాలా?"

"రేపు చెబుతా."

"నలభై ఏళ్ళుగా అదే రేపు" అని మూత బోర్లించింది.

మార్చి 17, సోమవారం

6:50. డోక్‌పాల్ వ్యానులో బయల్దేరాం. దారంతా అతనే మాట్లాడాడు. నువ్వు గుండు తడుముకుంటూ కూర్చున్నావు.

12:20. గేటుకి ఎదురుగా మైదానం. గుండు కుర్రాళ్ళు, ఏడ్చే అమ్మలు, ఏడుపు రాకుండా కథలు చెప్పుకుంటున్న నాన్నలు. చాప వేసుకుని కూర్చున్నాం. నువ్వు డబ్బా మూత తీసి, తినకుండా మూత తిప్పి చూశావు. మేకుతో గీసిన అక్షరాలు.

"'బాంగ్వీ ప్యో'. ఇదెవరిది?"

డోక్‌పాల్ విరగబడి నవ్వాడు. "బాంగ్వీగాడి డబ్బా! మీ ఇంటిపేరువాడే ఎవడో, పరువు తీశాడు. మీ తాత వాడి దగ్గర లాక్కునుంటాడు!"

పారిపోవడానికి దారి దొరికింది. నానమ్మ నావైపు చూడలేదు. ముల్లంగి ముక్కలు సర్దుతోంది, ఒకే ముక్కని నాలుగుసార్లు.

"నాదే" అన్నా.

డోక్‌పాల్ నవ్వు సగంలో ఆగింది.

"నాదేరా. సరిహద్దు లేదు, పులి లేదు. లేడి కూడా నాది కాదు."

నీ మొహం చూడలేక మిగతాది డబ్బాకే చెప్పా. డ్యూటీలో మొదటి వారం. తుపాకీ ఉంది, గుళ్ళు లేవు. అయినా ఆ తుపాకీ అంటే నాకు భయం. ఆ రోజు డబ్బా ఇంట్లో మర్చిపోయా. కెప్టెన్ తనిఖీకి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. మలుపులో మా అమ్మ, నెత్తిన డబ్బా. "ఒరేయ్ మాన్‌సిక్!" అని కేక. కెప్టెన్ నన్ను చూశాడు. చేతులు వణుకుతుంటే తుపాకీ ఎత్తా. "ఆగు! సంకేతపదం చెప్పు!"

మా అమ్మ ఆగలేదు. "సంకేతపదమా, నీ బొంద! బంగాళాదుంప కూర! చల్లారితే ముట్టవు!"

కెప్టెన్ కాసేపు ఆలోచించి, "సరిగ్గానే చెప్పింది. పోనివ్వు" అన్నాడు. ఆ వారమంతా మా మండలానికి సంకేతపదం బంగాళాదుంప.

"చేతులు ఆరునెలలూ వణికాయిరా" అన్నా. "రోజూ పొద్దున లేచి వెళ్ళా. నేను చేసిందంతే."

నీ ముక్కులోంచి మెతుకులొచ్చాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వావు. పక్క చాపలవాళ్ళు, బాధ భరించలేక పిల్లాడికి మతిపోయిందనుకున్నారు. డబ్బా ఖాళీ చేశావు. వారం రోజుల్లో ఇదే మొదటిసారి నువ్వు కడుపునిండా తినడం.

డోక్‌పాల్ ఎర్రటోపీ తీశాడు. బట్టతల! "పులి బొమ్మ నేనే దగ్గరుండి వేయించానే..." అన్నాడు.

1:45. మా ఇద్దరికీ నేలకి నుదురానించి దణ్ణం పెట్టావు. డబ్బా సంచిలో వేసుకుని వరసలో కలిశావు. వెయ్యి గుండ్లు. ఏది నీదో తెలియలేదు. గేటు దగ్గర ఒక గుండు వెనక్కి తిరిగి అరిచింది: "ఆగు! సంకేతపదం చెప్పు!"

జనమంతా తిరిగి చూశారు. నా నోరు పెగల్లేదు. ఇంతమందిలో నేనెప్పుడు అరిచా గనక! నానమ్మే అరిచింది, "బంగాళాదుంపా!" అని. నువ్వు లోపలికి వెళ్ళిపోయావు.

మార్చి 19, బుధవారం

నేను వెళ్ళేసరికే హాల్లో అందరికీ తెలిసిపోయింది. పేరు కూడా పెట్టేశారు: డబ్బా అన్న. బ్యానర్ మీద పులి మొహానికి ఎవరో బంగాళాదుంప బొమ్మ అంటించారు. మాట్లాడకుండా పోయి నూడుల్స్ ఉడకబెట్టా.

"డబ్బా అన్నా, ఆ దుంప కథ చెప్పు!"

చెప్పా. మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారికి కెప్టెన్లు ఇద్దరయ్యారు, మా అమ్మ ఎద్దుబండి మీద వచ్చింది.

గిన్నెలు కడిగేటప్పుడు డోక్‌పాల్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, నేను పడవెక్కింది ఒక్కసారే. వాంతులయ్యాయి. మిగతాదంతా వంటగదిలోనే. ఎవరికీ చెప్పకు."

చెప్పను అన్నా. చెప్పలేదు, రాస్తున్నా.

మార్చి 27, గురువారం

11:05. పోస్టుమాన్ నీ పెట్టె తెచ్చాడు. యూనిఫాం ఇచ్చాక కేంద్రంవాళ్ళు తిప్పి పంపిన నీ బట్టలు, బూట్లు. నానమ్మ నీ చొక్కా మొహానికి పెట్టుకుని ఏడ్చింది, తర్వాత "మురికి వెధవ" అని తిట్టి నానబెట్టింది. అడుగున డబ్బా. మూత మీద నా పేరు కింద కొత్త గీతలు: 'ప్యో, రెండోవాడు'. లోపల నీ చీటీ.

"తాతా, డబ్బా ఉంచుకోనివ్వలేదు. గదిలో పదహారుమందిమి. మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు, నేనే బంగాళాదుంప కథ చెప్పా. ఇప్పుడందరూ మిగతా ఆరునెలల సంగతి అడుగుతున్నారు. నోటుబుక్కు పంపు. చెయ్యి ఇంకా వణుకుతోంది. పొద్దున లేచి వెళ్తున్నా. గేటు దగ్గర నానమ్మ చెప్పింది చెల్లదు. అడిగింది నిన్ను."

చీటీ రెండుసార్లు చదివా. ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళు నన్ను కథ అడగడం ఇదే మొదలు.

11:40. మళ్ళీ ఒట్టు. ఇవాళ్టినుంచి ఊళ్ళో మిలిటరీ మాట ఎత్తను. ఉన్నదున్నట్టు నీకే రాస్తా. కెప్టెన్ ఒక్కడే. మా అమ్మ నడిచే వచ్చింది. చించుతానన్న పేజీ చించలేదు.

11:50. డోక్‌పాల్ వాకిట్లో. పక్క ఊరినుంచి చుట్టాలొచ్చారట, దుంప కథ వింటారట. ఈ ఒక్కసారికీ వెళ్ళొస్తా. ఒట్టు రేపటినుంచి.

1:20. వచ్చా. కెప్టెన్లు ముగ్గురు.

రెండింటికి తపాలా బండి. నోటుబుక్కు కట్టేస్తున్నా. ఇప్పుడే పెరట్లోకి పోయి, ఎవరూ లేరని చూసుకుని, గట్టిగా అరిచా. కోళ్ళు గోడెక్కాయి. నీకు వినబడి ఉండదు, అందుకే రాస్తున్నా:

బంగాళాదుంప.

లోపలికి రానిస్తావో లేదో తొందరగా జవాబు రాయి.