ఏడు గంటల వీణ

అమీర్‌పేట,
జూన్ 9.

నా చిలకమ్మక్కకు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. మొన్న నా మోకాళ్ళ నొప్పి సంగతి నీకొక్కదానికే చెబితే, సాయంత్రానికల్లా సిద్దిపేటలో మీ వాడకట్టు మొత్తం నాకు ఫోన్ చేసి తలా ఒక నూనె చెప్పింది. ఇది అట్లాంటి సంగతి కాదు. చదివి చింపెయ్యి.

ముందు అసలు మాట. మీ మేడ మీది గది ఊడ్పించి పెట్టు. బోనాలు కాగానే నేను వచ్చేస్తున్నాను. పది రోజులకు కాదు, ఉండటానికే. హాస్టల్‌ను వంట చేసే చంద్రమ్మ నడపగలదు. నీ మరిదికి ఇంకా చెప్పలేదు. చెప్పినా ఆయన వినాలంటే రేడియో ఆగాలి కదా.

నా రోజు నీకు తెలుసు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇరవై రెండు మంది ఆడపిల్లలకు టిఫిన్ సిద్ధం చేయిస్తాను. ఎనిమిదింటికి వడ్డన మొదలు. ఇక నీళ్ళ ట్యాంకరని, కూరగాయలని, రాత్రి తొమ్మిది దాకా నాకు కూర్చునే తీరిక ఉండదు. పిల్లలు స్నానాలకు వరుసలో నిలబడే ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక్క గంటే నాది. ఆ గంటలోనే నీ మరిది నాదసీమ రేడియోలో వీణ వింటాడు. కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, పంతొమ్మిదేళ్ళుగా. మాసబ్ ట్యాంక్ ఆఫీసులో ఉన్నప్పుడూ అంతే, రిటైరై నాలుగేళ్ళయినా అంతే. నేను నోరు తెరిస్తే అరచెయ్యి ఎత్తుతాడు, చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు లాగా.

ఫిబ్రవరిలో ఒకరోజు వంటింట్లో కాలు జారి పడ్డాను. ఎడమ మణికట్టు బెణికి బూరెలా ఉబ్బింది. చెయ్యి పట్టుకుని పోయి ఆయన ఎదురుగా కూర్చున్నాను. అరచెయ్యి ఎత్తాడు. నలభై నిమిషాలు అట్లాగే కూర్చున్నాను అక్కా. ఎనిమిదింటికి రేడియో కట్టేసి, కళ్ళు తెరిచి, "గదేంది, నీ చెయ్యికేమైంది?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రేడియో వాళ్ళకు ఉత్తరం రాశాను. కార్యక్రమాల వేళల గురించి శ్రోతల అభిప్రాయాలు చెప్పమని వాళ్ళు రోజూ అడుగుతూనే ఉన్నారు మరి. వీణను ఉదయం నుంచి తీసి, నాకు తీరిక లేని వేళకు ఎప్పటికైనా మార్చమని నాలుగు పేజీలు రాసి, కింద పేరు లేకుండా "ఒక శ్రోత భార్య" అని పెట్టాను. మార్చరులే అనుకున్నాను. జూన్ ఒకటిన నిజంగానే మార్చారు.

ఇప్పుడు వీణ మధ్యాహ్నం రెండున్నరకు. ఉదయం ఏడింటికి ఒకాయన వచ్చి ముందు ఐదు నిమిషాలు పకపకా నవ్వుతాడు, తర్వాత గోరువెచ్చని నీళ్ళు ఎట్లా తాగాలో చెబుతాడు. మొదటిరోజు నీ మరిది రేడియో పాడైందనుకుని బ్యాటరీలు మార్చాడు. రెండోరోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బట్ట కప్పాడు. నాలుగురోజులు అన్నం సరిగా తినలేదు. నాతో ఒక్కమాట మాట్లాడింది లేదు, గోడకేసి చూస్తూ కూర్చోవడమే. వీణ పోతే మాట వస్తుందనుకున్న దాన్ని, నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు. అందుకే వస్తున్నాను.

నీ చెల్లెలు
రాజమ్మ


అమీర్‌పేట,
జూలై 2.

అక్కా,

నీ జవాబు అందింది. తొందరపడవద్దని రాశావు. ఇక్కడ జరుగుతున్నది వింటే నువ్వే బండి కట్టించి పంపేదానివి.

నీ మరిది గోడకేసి చూడటం మానేశాడు. ఉద్యమం మొదలుపెట్టాడు. నాదసీమ శ్రోతల సంఘమట. ఆయనే అధ్యక్షుడు. పోయిన నెల పద్దెనిమిదిన పంజాగుట్టలో ఆ రేడియో ఆఫీసు మెట్ల మీద తనలాగే అలిగి కూర్చున్నవాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసింది. అందరినీ వెంటబెట్టుకుని మా హాస్టల్ భోజనాల గదికి వచ్చాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం అక్కడే సభ.

బేగంపేట నుంచి యేసురాజుగారు వస్తారు. చర్చిలో ముప్పై ఏళ్ళు పాటల బృందాన్ని నడిపించిన మనిషి. వీణ మొదలుకాగానే బీపీ మాత్ర వేసుకునే అలవాటట. ఇప్పుడు ఆ నవ్వు వినగానే మాత్ర సంగతి మరిచిపోతున్నారు, బీపీ మాత్రం పెరుగుతోంది. మెట్రో స్టేషన్ వెనక టిఫిన్ సెంటర్ విక్రమ్ వస్తాడు. రెండో కీర్తన ముగియగానే ఇడ్లీ పాత్ర మూత తీసేవాడట. గడియారం చూసి తీస్తే కుదరడం లేదు, రోజూ ఇడ్లీలు రాళ్ళవుతున్నాయి. కృష్ణానగర్ నుంచి మంజూష అనే అమ్మాయి వస్తుంది. సినిమాల్లో గుంపులో ఏడ్చే వేషాలు వేస్తుందట. పొద్దున షూటింగ్ బస్సులో చెవుల్లో వీణ పెట్టుకుంటే మనసు కరిగి, అక్కడ ఏడుపు దానంతట అదే వచ్చేదట. ఇప్పుడు ఆ నవ్వులాయన గొంతు గుర్తుకొచ్చి, మొన్న శవయాత్ర సీన్లో ఫక్కున నవ్విందని పంపించేశారు.

అందరి కష్టాలూ విని, అందరికీ టీలు పోసి, ఇదంతా నా చేతి మహిమే అని తెలిసి కూడా నోరు మెదపకుండా నిలబడటం ఎట్లా ఉంటుందో ఆలోచించు.

అంతటితో అయిందా? అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని నన్ను కార్యదర్శిని చేశారు. ఇప్పటికి ఇరవై ఒక్క వినతిపత్రాలు రాశాను. వీణను ఉదయానికి తేవాలని నా చేత్తోనే. ఒక్కోటి రాస్తుంటే కలం జారిపోతోంది. వాటికి జవాబు రాలేదని బహిష్కరణ పెట్టారు. సంఘంలో ఎవరూ రేడియో వినకూడదు. అయితే వాళ్ళు వేళ మార్చారో లేదో తెలిసేదెట్లా అని విక్రమ్ అడిగాడు. రోజుకొకరు వంతులవారీగా వినాలని తీర్మానించారు. మూడోరోజు మధ్యాహ్నం రెండున్నరకు దుప్పటి ముసుగేసుకున్న అధ్యక్షుడి తొడ మీద తాళం కదులుతుంటే నేనే చూశాను. జ్వరమన్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇప్పుడు ఏడు నుంచి ఎనిమిది దాకా ఆయన నాతో ఆగకుండా మాట్లాడతాడు. ఏం లాభం? ధర్నా ఎప్పుడు, బ్యానర్ ఏ రంగు, వినతిపత్రంలో "మనవి" అనాలా "డిమాండ్" అనాలా. ఈ రెండు వారాల్లో నువ్వెట్లున్నవని అడిగింది లేదు. కార్యదర్శితో మాట్లాడుతున్నాడు గాని పెళ్ళాంతో కాదు.

ఇంకో భయం కూడా ఉంది. రేడియో డైరెక్టరమ్మ ఈ నెలాఖరున సంఘాన్ని చర్చలకు పిలిచింది. కార్యదర్శి రావాల్సిందేనన్నాడు నీ మరిది. ఆ నాలుగు పేజీలు వాళ్ళ ఫైల్లో ఉండే ఉంటాయి. అది బయటపడకముందే బయల్దేరదామంటే టికెట్ కొనేందుకు కూడా తీరిక లేదు. రేపటికి బ్యానర్ రాయాలి.

రాజమ్మ


అమీర్‌పేట,
ఆగస్టు 16.

అక్కా,

గది ఊడ్పించి ఉంటే అందులో మిరపకాయలు పోసుకో. నేను రావడం లేదు. కోప్పడకు, అంతా చెబుతాను.

నెలాఖరున పంజాగుట్ట పోయాం. ఫ్లైఓవర్ పక్కన నగల దుకాణం పైన మూడో అంతస్తు. డైరెక్టర్ ధాత్రిగారు చిన్నవయసు మనిషి, మర్యాదస్తురాలు. అందరికీ నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నా ఇరవై ఒక్క వినతిపత్రాలు బల్ల మీద పేర్చింది. ఇన్నేళ్ళలో మీలో ఎవరైనా ఒక్క ఉత్తరమైనా రాశారా అని మెల్లగా అడిగింది.  బాగున్నది బాగుందని ఉత్తరం రాయాలని ఎవరికి తోస్తుంది? వేళల గురించి మూడు నెలలు అడిగితే వచ్చింది ఒకే ఒక్క ఉత్తరమట. అది చదివాకే వేళ మార్చాం, వినండి అని తీసి చదవడం మొదలుపెట్టింది.

 "ఏడు నుంచి ఎనిమిది దాకా ఈ ఇంట్లో నేనూ ఒక కుర్చీనే. నా చెయ్యి విరిగినా ఆయనకు ఎనిమిదింటికి గాని తెలియదు" అని నా మాటలే ఆ అమ్మాయి గొంతులో వింటుంటే ఎవరో పరాయి ఆడమనిషి గోడులా తోచింది. మంజూషకు రెండు నెలల తర్వాత కన్నీళ్ళు వచ్చాయి. చదవడం అయ్యాక ధాత్రిగారు ఆ కాగితాలను వినతిపత్రాల పక్కన పెట్టింది. యేసురాజుగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశారు. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని కిటికీవైపు తిరిగారు. విక్రమ్ మాత్రం, ఈ రెండు రాతలూ ఒక్కతీరుగ ఉన్నయేంది అని బయటికే అనేశాడు.

నీ మరిది ఆ ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు పేజీలూ మొదటినుంచి చదివాడు. నేను నేలకేసి చూస్తున్నాను. లేచి నిలబడ్డాడు.

"మేడం, గా శ్రోతను నేనే. గిది నా భార్య రాసింది. రాసినదంతా నిజమే. మా వినతిపత్రాలు వాపసు తీసుకుంటున్నం," అన్నాడు.

నా ఇడ్లీల సంగతేందని విక్రమ్ అడ్డం పడ్డాడు. వాళ్ళను వాదించుకోనిచ్చి మేమిద్దరం కిందికి దిగాం. మెట్రో ఎక్కకుండా ఎండలో నడక మొదలుపెట్టాడు. నేను వెనకాల. ఇక తిడతాడు, నేనూ నాలుగు అనేసి మీ ఊరి బస్సెక్కేద్దామనుకుంటున్నాను. అమీర్‌పేట దగ్గర పడ్డాక మెట్రో పిల్లర్ నీడలో ఆగాడు.

"రాజమ్మా, నాకు ఒక్క రాగం పేరు సుత తెల్వదు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. పంతొమ్మిదేళ్ళ కింద ఆఫీసులో టీ తాగుతూ వీణంటే ఇష్టమని అన్నాడట. ఆ మాట విని పెద్దాఫీసరు, నిన్న రేడియోలో వచ్చింది ఏ రాగమో చెప్పు చూద్దామన్నాడట. ఈయన నీళ్ళు నమిలాడు. హనుమాండ్లుకు రాగాలు కావాలంట అని ఈయన పేరు పట్టి సెక్షన్ సెక్షనంతా నవ్విందట. ఆ మర్నాటి నుంచి పట్టుదలగా వినడం మొదలుపెట్టాడు, ఎప్పటికైనా జవాబు చెప్పాలని. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు, తనూ రిటైరయ్యాడు. పేరు వినగానే గుర్తుంటుందట, పాట మారగానే పోతుందట. ఇంట్లో మాత్రం తాళం వేస్తూ పెద్ద తెలిసినవాడిలా కూర్చున్నాడు.

"నువ్వు నోరు తెరిస్తే గీ రాగమేందని అడుగుతవేమోనని భయం. గందుకే చెయ్యి లేపుడు. నీ చెయ్యి వాచిననాడు సుత ఎందుకొచ్చినవో చూడలే. చూడకపోవుడు నా తప్పే," అన్నాడు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదక్కా. నవ్వే వచ్చింది. సంఘానికి అధ్యక్షుడు, అందరూ మీరు పెద్దవారు మీరే చెప్పాలంటే కళ్ళు మూసుకుని తల ఊపిన మనిషి. నేనెందుకు అడుగుతాను, నాకు తెలిస్తే కదా అన్నాను. నేను ఆయనను ఏనాడూ వీణ గురించి ఒక్కమాట అడగలేదని కూడా అప్పుడే తోచింది. నాకు నా గంట పోయిందన్న బాధ తప్ప, ఆయన అక్కడ ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలనిపించలేదు.

మర్నాడు ధాత్రిగారికి ఇంకో ఉత్తరం రాశాను, ఈసారి పేరు పెట్టి. వీణను ఏడింటికే తెమ్మని. ఆగస్టు ఐదు నుంచి తెచ్చారు. నవ్వులాయనను మధ్యాహ్నం రెండున్నరకు పంపారు. విక్రమ్ సంఘానికి ఒక పళ్ళెం ఇడ్లీలు పంపాడు, దూదిలా ఉన్నాయి. మంజూష ఒక సీరియల్లో చావు నుంచి పదమూడోరోజు భోజనాల దాకా ఏడ్చేందుకు కుదిరిందట.

ఇప్పుడు ఏడింటికి ఇద్దరం రేడియో ముందు కూర్చుంటున్నాం. పాట మొదలవగానే ఆయన ఒక రాగం పేరు చెబుతాడు, నేనొకటి చెబుతాను. చివర్లో అనౌన్సరు మూడోది చెబుతుంది. మధ్యలో ఆయన ఆఫీసు ముచ్చట్లు, నావి హాస్టల్ గొడవలు. వీణ సరిగా వినిపించడం లేదని ఒకసారి నేనే అరచెయ్యి ఎత్తాల్సి వచ్చింది.

పదకొండు రోజులు ఇద్దరిదీ తప్పే. ఇవాళ ఆయన మోహన అన్నాడు. అనౌన్సరు కూడా మోహన రాగమే అంది.  ఆయన లుంగీ ఎగగట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా, పిల్లలుండే పై అంతస్తుకు పోయాడు. వెనకే నేనూ పోయాను. స్నానాలకు వరుసలో బకెట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల ముందు ఆయాసపడుతూ నిలబడి, "మోహన," అన్నాడు.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందున్న పిల్ల బకెట్ కింద పెట్టి, "నీళ్ళు బందయినయా అంకుల్?" అని అడిగింది.

నీ
రాజమ్మ