మిగతా సగం మాట

శ్రీవారికి ఇంటి నుంచి నమస్కారాలు.

టీవీ వాళ్ల స్టూడియోలో కుట్టుమిషను పాడైందంటే బాగుచేసి సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్లారు. అన్నట్టే సాయంత్రం ఏడింటికి వచ్చారు. ఇంటికి కాదు, టీవీలోకి.

బయటి మొహం చూడకుండా పదిమంది వంద రోజులు ఒకే ఇంట్లో ఉండే ఆ ఆటలో మీరెలా చేరారో వాళ్ల ఆఫీసు అమ్మాయి ఫోనులో చెప్పింది. "మామూలు మనిషి చోటు ఒకటి ఖాళీగా ఉంది, మీకేమైనా అభ్యంతరమా అని అడిగామండీ. ఆయన 'మా ఇంట్లో...' అన్నారు. ఇంట్లో ఏమీ అనుకోరు కదా, సంతోషం అని సంతకం పెట్టించుకున్నాం" అంది. మీరు చెప్పబోయింది "మా ఇంట్లో అడగాలి" అని నాకు తెలుసు. ఆ పిల్లకేం తెలుసు? మీ మాట పూర్తి చేయాలంటే ఇరవైనాలుగేళ్ల అనుభవం ఉండాలి.

సరే, అయిందేదో అయింది. వారానికొక ఉత్తరం రాసుకోవచ్చట. ఆఫీసు వాళ్లు చదివాకే అటూ ఇటూ పంపుతారట. కార్యక్రమంలో ఇంకా చూపించని సంగతులుంటే కత్తిరిస్తారట.

నేను రోజూ నోటుబుక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాను. తేదీ, మీరు వేసుకున్న చొక్కా, మీరు మాట్లాడిన మాటలు అని మూడు గడులు గీశాను. చొక్కాల గడిలో విశేషమేమీ లేదు. మాటల గడి చాల్లేదు. ఇంట్లో మీరు రోజుకి నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప, అందులో రెండు "ఊఁ"లు. అక్కడ నల్లకుర్చీ ఉన్న గదిలో ఒక్కరే కూర్చుని కెమెరాతో పదకొండు నిమిషాలు మాట్లాడారు. గొంతు విని ఎవరో అనుకున్నాను. గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి చూస్తే మీరే.

ఇక అసలు సంగతి. నిన్న మీరు ఆ కుర్చీలో కూర్చుని, "ఇరవైనాలుగేళ్లుగా నాకు ఇంట్లో దొరకనిది ఇక్కడ దొరికింది. అదేమిటంటే..." అన్నారు. అంతే, సబ్బు ప్రకటన వచ్చిపడింది. అది అయ్యాక మీరు లేరు. ఎవరో ఇద్దరు దువ్వెన కోసం పోట్లాడుకోవడం చూపించారు.

ఏమిటండీ అది? మీకు రాసే శ్రమ లేకుండా జవాబులు నేనే రాసి పంపుతున్నాను. ఒకదాని ఎదురుగా టిక్కు పెడితే చాలు. ఒకటి, కంటినిండా నిద్ర. రెండు, నోటికి రుచిగా తిండి. మూడు, మనశ్శాంతి. నాలుగు, అక్కడ మీ పక్కనే కూర్చునే ఆ పాటలావిడ స్నేహం.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క.: నాలుగోదాని ఎదురుగా టిక్కుకి చోటు వదల్లేదు. మీరు పెట్టరని తెలుసు.


ఇంటావిడకు,

నేను బాగానే ఉన్నాను. ఈ ఇంట్లో గడియారం ఒక్కటీ లేదు, అద్దాలు మాత్రం ముప్ఫైరెండున్నాయి. ప్రతి అద్దం వెనకా ఒక కెమెరా. ఇక్కడ తల దువ్వుకుంటే అందరి నట్టింట్లో నిలబడి దువ్వుకున్నట్టే.

నాతోపాటు ఒక జిమ్ము మాస్టారున్నాడు. పొద్దున్నే అద్దం ముందు చేరి, "అంకుల్, బయటికెళ్లాక జనం నన్ను గుర్తుపడతారంటారా?" అంటాడు. రోజూ ఇదే ప్రశ్న. మొన్న నేను "ముందు నువ్వు..." అన్నాను. "ముందు నన్ను నేను గుర్తుపట్టాలంటారు! ఎంత మాటన్నారంకుల్!" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను అనబోయింది "ముందు నువ్వు పక్కకి జరుగు, నేను గడ్డం గీసుకోవాలి" అని. అప్పట్నుంచి నాకు ఇక్కడ జ్ఞాని అని పేరు.

పాటలావిడ ఎప్పుడో ఒక పోటీలో గెలిచిందట. ఆ తరవాత జనం మరిచిపోయారని బెంగ. "సార్, ఏడ్చేటప్పుడు నా మొహం ఎటునుంచి బాగుంటుంది?" అని అడిగింది. ఎడమ అన్నాను. అప్పట్నుంచి ఎడమకన్నుతోనే ఏడుస్తోంది.

నువ్వు పంపిన నాలుగింటిలో ఏదీ కాదు. అదేమిటంటే (ఇక్కడ కాగితం చదరంగా కత్తిరించి ఉంది) అంతే. ఇందులో నువ్వు బాధపడాల్సిందేమీ లేదు.

(కాగితం వెనకవైపు) పాటలావిడ స్నేహం అన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆవిడ రోజూ నా పక్కన కూర్చుని (ఇక్కడ అదే కన్నం) పెళ్లి చేసుకుంటానంటోంది. నేను సరేనన్నాను.

ఉంటాను,
మీ మిషన్ల మనిషి

తా.క.: టీవీ పక్కనున్న నా కళ్లజోడు పంపించు. ఇక్కడ ఎవరు ఎవరో సరిగ్గా ఆనడం లేదు.


శ్రీవారికి,

నమస్కారం. ఈసారి ఒక్కటే.

మీ ఉత్తరానికి అరచేయంత కన్నం ఉంది. దాన్ని కంటికి ఆనించి చూస్తే ఎదురింటి టీచరుగారు కనిపించారు. ఆవిడ అప్పటికే మనింటివైపు చూస్తున్నారు. గేటు దగ్గరికొచ్చి, "ఏమ్మా, మీ ఆయన్ని నువ్వు సరిగ్గా..." అన్నారు.

"చూసుకోలేదంటారు, అంతేగా?" అన్నాను.

"అయ్యో, సరిగ్గా చూశావా, చిక్కిపోయాడు అనబోయానమ్మా" అన్నారు.

పైకి అలాగే అంటారు. మందుల షాపులో వరస కట్టిన జనం నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. "సగం మాట సారు భార్య. పాపం, ముందు ఆవిడకివ్వండి" అన్నారు. నేను కొనడానికి వెళ్లింది దూది. మీకు ఆ పేరు స్థిరపడిపోయింది. "అదేమిటంటే..." అని చొక్కాల మీద అచ్చేసుకుని తిరుగుతున్నారు. మన సందులోనే మూడు చూశాను.

టీవీ వాళ్లు మైకుతో ఇంటికొచ్చారు. "మేడమ్, మీ భర్తకి ఇంట్లో దొరకనిది ఏమిటి?" అని అడిగారు. "నా ఇంట్లో దొరకనిదంటూ లేదు. పై అరలో వెతికి ఉండరు" అని తలుపేశాను. అది రోజుకి ఆరుసార్లు చూపిస్తున్నారు. తలుపేసేటప్పుడు నా మొహం ఎటునుంచీ బాగాలేదు.

ఇక పెళ్లి సంగతి. మీ కన్నాన్ని స్కేలుతో కొలిచాను. మీ చేతిరాతలో అక్కడ ఎనిమిది మాటలు పడతాయి. అవేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. "తియ్యగా మాట్లాడుతుంది. మా ఇంటావిడలా గయ్యాళి కాదు. బయటికొచ్చాక నన్నే." రాసి చూశాను, సరిగ్గా సరిపోయింది.

సరేనన్నారు కదా. నాతో ఒక్క మాట ముందు అనుంటే బాగుండేది.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ ఇంటావిడ

తా.క.: కళ్లజోడు పంపుతున్నాను. ఆవిణ్ణి ఒకసారి సరిగ్గా చూడండి.


ఇంటావిడకు,

ఈసారి కాగితానికి ఒకవైపే రాస్తున్నాను.

ఆవిడ చేసుకుంటానంటున్నది జిమ్ము మాస్టారిని. కన్నంలో పోయిన మాటలివి: "తన కష్టాలు చెబుతుంది. జిమ్ము మాస్టారు ఒప్పుకుంటే అతన్నే." మొత్తం ఏడు. నీ కొలతలో ఒకటి ఎక్కువైంది. అతనితో మాట్లాడి పెట్టమంది, నేను సరేనన్నాను. అతను అద్దం ముందునుంచి కదిలితే మాట్లాడతాను.

నాకు దొరికిందేమిటో గురువారం చూపిస్తారట. ఈ ఉత్తరం శుక్రవారం పంపుతారట కాబట్టి కత్తెర పడదు. నువ్వు టీవీలో చూసే ఉంటావు. అయినా నా చేత్తో రాయాలనిపించింది.

ఆ నల్లకుర్చీ గదిలో నేను ఒక మాట మొదలుపెట్టి ఆగితే, ఎదురుగా ఉన్న కెమెరా కూడా ఆగుతుంది. తల గోక్కుంటాను. గోడవంక చూస్తాను. అది ఏమీ అనదు. మళ్లీ అందుకునేదాకా అలాగే ఉంటుంది. నా మాట నేనే పూర్తి చేసుకునే చోటు దొరికింది. దొరికింది అదే.

నీ మీద ఫిర్యాదు కాదు, కానీ అడిగావు. పెళ్లయిన మూడోరోజు "నాకు కాఫీ..." అన్నాను. "చక్కెర తక్కువ, తెలుసు లెండి" అన్నావు. నేను అనబోయింది "పడదు" అని. ఇరవైనాలుగేళ్లుగా తాగుతున్నాను. "ఈ నీలం రంగు..." అంటే "మీకు బాగుంటుంది" అని నాలుగు చొక్కాలు తెచ్చావు. "మీ తమ్ముడు మళ్లీ వస్తే..." అంటే "నెల్లాళ్లు ఉంచుకుందామంటారు, మీది ఎంత మంచి మనసండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నావు. ఆ తరవాత నేను అనబోయింది ఎలా అంటాను? అతను రెండు నెలలున్నాడు.

ఉంటాను,
మీ మిషన్ల మనిషి

తా.క.: నువ్వు ఇక్కడికి పంపిన నీలం చొక్కాలు జిమ్ము మాస్టారికిచ్చాను. వేసుకుని ఒళ్లు విరుచుకున్నాడు. ఇప్పుడవి చొక్కాలు కావు.


శ్రీవారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చాక రెండురోజులు దాన్నే తిప్పి తిప్పి చదివాను. మూడోరోజు నోటుబుక్కులో కొత్త గడి గీసి, నేను ఎంతమంది మాటలు పూర్తి చేస్తున్నానో గుర్తుపెట్టాను. పాలాయనవి నాలుగు. టీచరుగారివి పది. రేడియోలో వార్తలు చదివే ఆయనవి మూడు. మధ్యాహ్నానికే పదిహేడు. వార్తలాయనవి మూడూ తప్పే.

కాఫీ దగ్గర నవ్వొచ్చింది. చొక్కాల దగ్గర కూడా నవ్వాను. మా తమ్ముడి దగ్గర ఆగాను. అక్కడ ఇంకొకటి గుర్తొచ్చింది. దాన్ని మీరు రాయలేదు, నేనే అడగాలి.

మన పెళ్లి మాటలనాడు మా ముందుగదిలో పెద్దవాళ్లంతా కూర్చున్నారు. మా మేనమామ "ఏమోయ్, నీ అభిప్రాయం చెప్పు మరి" అన్నాడు. మీరు "నాకు ఈ అమ్మాయి..." అని ఆగిపోయారు. ఎంతసేపు చూసినా మిగతా ముక్క రాదు. తలుపు వెనక మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని నేను నిలబడ్డాను. చేతులు వణికి పళ్లెంలో గ్లాసులు గలగలలాడుతున్నాయి. ఇక ఉండబట్టక "నచ్చిందట!" అని కేకేశాను. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. అప్పటికప్పుడు తేదీ ఖాయం చేసేశారు.

ఇంటికెవరొచ్చినా ఈ కథ నేనే చెప్పి నవ్విస్తాను. నిన్న టీచరుగారికి చెప్పబోయి సగంలో మానేశాను.

ఆ మాట మీది కాకపోతే, ఈ ఇల్లు, ఈ ఇన్నేళ్లు, అన్నీ నేను పూర్తి చేసుకున్నవే అవుతాయి కదండీ. నాకు నిజం కావాలి. మంచి మనసుతో రాయకండి. కింద ఖాళీ వదిలాను. ఈసారి టిక్కులు లేవు.

నాకు ఈ అమ్మాయి _______________________

ఇట్లు,
మీ ఇంటావిడ (అవునో కాదో మీరు రాశాక)

తా.క.: గీత పొడుగ్గానే గీశాను. మీకు ఎంత చోటు కావాలో నాకు తెలియదు. మీ విషయంలో నాకు తెలియదని రాయడం ఇదే మొదలు. చేతికి కొత్తగా ఉంది.


ఇంటావిడకు,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. మన ముందుగదిలో కూర్చుని రాస్తున్నాను.

ఇందాక నువ్వు తలుపు తీసి "వచ్చారా" అన్నావు. ఇంకేదో అనబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయావు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎదురుగా చెబితే సగంలో ఆగిపోతానేమోనని కాగితం తీశాను.

నేనెలా బయటపడ్డానో రేపు సాయంత్రం చూపిస్తారు. ఆ ఇంట్లోనే వేసిన వేదిక మీద ఆట నడిపించే ఆయన, "సారు, జనమంతా మీవైపే ఉన్నారు, ఏమంటారు?" అన్నాడు. "నేను ఈ ఇంట్లో..." అన్నాను. "చివరిదాకా ఉంటారు!" అని నా చెయ్యి పైకెత్తాడు. ఒకటే చప్పట్లు. అవి అయ్యేదాకా నిలబడి, "ఉండనండి. మా ఆవిడ ఒక మాట అడిగింది. వెళ్లి చెప్పాలి" అన్నాను. అంతా నేనే అన్నాను, చివరిదాకా. పాటలావిడ ఏడ్చింది. ఈసారి రెండు కళ్లతోనూ.

ఇక నీ గీత.

నాకు ఈ అమ్మాయి పేరు ఎవరూ చెప్పలేదు.

నేను ఆ రోజు అనబోయింది ఇదే. మీ మేనమామ తన ఉద్యోగం గురించి గంటసేపు చెప్పాడు గాని నీ పేరు చెప్పలేదు. నిన్ను సరిగ్గా చూసిందీ లేదు, నువ్వు తలుపు వెనకున్నావు. పేరు తెలియని మనిషి గురించి అభిప్రాయం ఏం చెబుతాను? నచ్చలేదు, నచ్చకపోనూ లేదు. కాబట్టి నువ్వు పూర్తి చేసింది తప్పే. నిజం కావాలన్నావు, రాశాను.

కానీ నిజం ఇంకాస్త ఉంది. చిన్నప్పట్నుంచి నేను సగంలో ఆగితే ఎదుటివాళ్లు గడియారం చూసుకునేవాళ్లు, లేకపోతే లేచిపోయేవాళ్లు. నా మిగతా సగం మాట కోసం గ్లాసులు మోగేలా వణికిన మనిషిని నేను అంతకుముందు వినలేదు. నవ్వింది అందుకు. నువ్వు కేకేసినప్పుడు అది నిజం కాదు. మేమంతా నవ్వడం అయ్యేసరికి నిజమైపోయింది. నా అంతట నేను చెప్పాలంటే ఇంకో వారం పట్టేది, అంతే తేడా.

ఇట్లు,
మీ ఆయన (అవును)

తా.క.: ఈ కాగితం వంటింటి తలుపు కిందనుంచి తోస్తున్నాను. చదవడం అయ్యాక లోపలికొచ్చి ఒక మాట మొదలుపెడతాను. అదేమిటో నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. తెలిసినా ఆగు.